చేయి ఎత్తుటకు మునుపు

కాశ్మీరమునుండి కన్యాకుమారి వఱకు దేశమును నిలువున దాటిపోవు 44వ జాతీయ రహదారియు, హైదరాబాదు నగరమును 158 కిలోమీటర్ల పొడవున చుట్టివచ్చు ఔటర్ రింగు రోడ్డును, 2008వ సంవత్సరము మార్చి నెలలో తలుపులు తెఱచిన విమానాశ్రయమునకు పోవు బాటలును ఒకదానినొకటి ఒరసికొనుచు సాగు శంషాబాదు పరిసరములలో తొండుపల్లి యను నొక గ్రామము కలదు. ఆ గ్రామము పేరు నేడు తన పొలముల వలన గాక టోల్‌గేటు వలన లోకమునకు తెలిసియున్నది. మల్కన్‌గిరి, కోరాపుట్ కొండలయందును, చింతపల్లి, సీలేరు, పెదబయలు మన్యమునందును పెరిగిన గంజాయి భద్రాచలము, ఖమ్మముల మీదుగ దిగివచ్చి, నగరములోనికి అడుగిడకయే మహారాష్ట్ర కర్ణాటకముల వైపు తరలిపోవుటకు ఔటరు అనువైన మార్గము గనుక, ఇట్టి కూడళ్లయందు రాత్రివేళ పోలీసుల నాకాబందీ వింతగ తోచదు.

అట్టి తనిఖీని గూర్చి ఇరువురు బంధువుల నడుమ నడచిన వాదమును ఇచ్చట పొందుపఱచుచున్నాను. ఒకరు సబ్‌ఇన్‌స్పెక్టరుగ చేరి డిప్యూటీ సూపరింటెండెంటుగ విశ్రాంతి గైకొన్న పోలీసు అధికారి. రెండవవారు ఆయన భార్యకు తమ్ముడు, ఎల్.బి.నగరునందలి రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములలో ముద్దాయిల పక్షమున, అందును విశేషముగ లారీ డ్రైవర్ల, క్లీనర్ల పక్షమున వాదించు వకీలు. ఇరువురిలో ఎవ్వరిని ఓడింపవలెనను కోరికయు నాకు లేదు గాని, నా మొగ్గు ఎటున్నదో చదువరి గ్రహింపకపోడు.

అధికారి: వకీలూ, డిక్కీ తెఱువుమన్నంత మాత్రమున నీకంత కినుక యెందులకు? నీవు ఢిల్లీకి పోవునపుడెల్ల ఇచ్చటికి కూతవేటు దూరముననున్న విమానాశ్రయమున బెల్టు విప్పుదువు, జేబులు ఖాళీ చేయుదువు, చేతులు చాచి నిలుతువు, భద్రతాదళపు జవాను ఒడలెల్ల తడిమినను మాఱుమాటాడక సంచి తీసికొని పోవుదువు. అదే మనిషివి రోడ్డుమీద మా వాడొకడు డిక్కీ చూపుమన్న రాజ్యాంగమును తలచుకొందువు. నేల మీద పుట్టుకొనివచ్చిన ఈ పౌరుషము విమానాశ్రయపు గుమ్మముకడ ఎచ్చటికి పోవును?

వకీలు: అచ్చట నన్ను ఎవ్వడును ఎన్నుకొనలేదు బావగారూ. ఆ ద్వారమున నా ముందు నిలిచినవాడును, నా వెనుక నిలిచినవాడును నావలెనే చేతులు చాచవలెను. తనిఖీ లేకుండ పోవు మహానుభావుల పట్టిక యొకటి ఆ గోడకు వ్రేలాడుచుండును గాని, దానిని ప్రస్తుతము విడిచెదను. అచ్చట వెదకునది విమానమును కూల్చగల వస్తువును. వెదకుటలో ఆలస్యమైన నూఱుమంది ప్రాణములు పోవును. రోడ్డుమీద మీరు నూఱు బండ్లు పోనిచ్చి మూడింటిని ఆపుదురు. ఆ మూడింటిని ఏరుకొనునది ఎవ్వరు, దేనిని చూచి? బండి పాతదనమా, నంబరు ప్లేటుపై ఒడిశా అక్షరములా, డ్రైవరు తలపాగా చుట్టిన తీరా? నా కినుక డిక్కీని గూర్చి కాదు, ఏరుటను గూర్చి.

అధికారి: ఏరుట అనుభవము వలన వచ్చును. ఖాళీ బండియని కాగితములు చూపుచు వెనుక కమాను పట్టీలు అణగియున్న డీసీఎం వ్యానును చూచిన నీవు పోనిత్తువేమో, నేను పోనీయను. కొబ్బరికాయల లోడు క్రింద, నర్సరీ మొక్కల సంచుల క్రింద, డ్రైవరు సీటు వెనుక కొత్తగా అతికిన రేకు మాటున, గోధుమరంగు టేపు చుట్టిన రెండేసి కిలోల పొట్లములు దొరకిన బండ్లను నేను చూచితిని. ముందుగ ఒక కారు పైలటుగ పోవుచుండును. నాకా కంటబడినంతనే వెనుక బండికి ఫోను పోవును, ఆ బండి సర్వీసు రోడ్డులోనికి దిగి చీకటిలో కలసిపోవును. ఔటరుపై కార్లకు అనుమతించిన వేగము గంటకు 120 కిలోమీటర్లు, అనగా నిమిషమునకు రెండు కిలోమీటర్లు. నిన్ను నేను ఎందుకు ఆపవలెనో తాళపత్రముపై వ్రాసికొని కూర్చుండుటకు నాకు కాలమేది?

వకీలు: కాలము చాలదనియే గదా శాసనకర్తలు మీకు ఇంతటి అధికారము నిచ్చినది! 1985వ సంవత్సరము నవంబరు 14వ తేదీ మొదలుకొని అమలునందున్న ఎన్‌డీపీఎస్ చట్టపు 49వ సెక్షను ఒకసారి స్మరింపుడు. మాదకద్రవ్యము మోయుచున్నదనియో, మోయబోవుచున్నదనియో అనుమానించుటకు కారణమున్నచో, ఏ వాహనమునైనను, ఏ జంతువునైనను ఆపవచ్చును. విమానమైనచో నేలకు దింపవచ్చును. లోపల గాలింపవచ్చును, సరకును పరీక్షింపవచ్చును. న్యాయసమ్మతమైన ఉపాయములన్నియు విఫలమైనచో దానిపై తుపాకి కాల్చవచ్చును. ఇంతకంటె విశాలమైన మాటలు దండనీతిలో అరుదు. ఈ ఐశ్వర్యమంతయు "కారణమున్నచో" అను నొక్క పదము మీద నిలిచియున్నది. ఆ పదమును మీవారు మ్రింగివేసిరి.

ఇచ్చట నేను కొంచెము అడ్డుపడవలసి యున్నది. బాటసారి మూట విప్పించుట ఈ దేశమున నిన్నటి మాట కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షునకు నగరద్వారము చెంత ధ్వజము నెత్తించి, వచ్చిన వర్తకుడెవ్వడో, ఎచ్చటినుండి వచ్చెనో, ఎంత సరకు తెచ్చెనో, ముద్ర ఎచ్చట వేయబడెనో వ్రాసికొనుటకు నలుగురైదుగురు లేఖకులను నియమించినాడు. నైజాము ప్రభువుల కాలమున కరోడ్‌గిరీ నాకాలయందు సుంకపు జవానులు బండ్లను ఆపి గడ్డి దులిపి చూచెడివారు. ఐనను ఆ కాలమున వెదకినది సుంకము ఎగవేసిన సరకును. గంజాయి సర్కారు లైసెన్సుతో దుకాణమున దొరకెడి వస్తువు. 1878 నాటి నల్లమందు చట్టమును, 1930 నాటి ప్రమాదకర ఔషధముల చట్టమును త్రోసిపుచ్చి వచ్చిన 1985 చట్టము, సుంకపు జవాను చేతిలోని చువ్వను పదునెక్కించి, పది సంవత్సరములకు తక్కువగాని కారాగారమును దాని చివర కట్టినది. సుంకము కట్టి విడుదల పొందుటకు ఇచ్చట వీలు లేదు. వకీలు అంతగ పట్టుపట్టుటకు ఇది యొక హేతువని నా తలంపు.

అధికారి: మ్రింగలేదోయి. కారణము మనసున ఉండును. మనసున ఉన్నదానిని కోర్టు అడిగినపుడు చెప్పెదము.

వకీలు: అడిగినపుడు చెప్పుదురనియే 42వ సెక్షను వ్రాయుమన్నది. ఎవ్వరైన సమాచార మిచ్చినచో దానిని కాగితముపై పెట్టవలెను; ఆ ప్రతిని 72 గంటలలో పై అధికారికి పంపవలెను; సూర్యాస్తమయము తరువాత వారంటు లేకుండ వెదకవలసి వచ్చినచో, వారంటు కొఱకు పోయిన సరకు మాయమగునని ఎందుకు నమ్మితిరో ఆ నమ్మకమునకు ఆధారమును వ్రాయవలెను. ఇదంతయు చేయువాడు ప్యూను, సిపాయి, కానిస్టేబులుల కంటె పై తరగతివాడై యుండవలెను. మఱి మన నాకాలయందు బండి మీద లాఠీతో తట్టి "దిగు" అనువాడెవ్వడు?

అధికారి: తట్టువాడు తట్టును, వెదకువాడు ప్రక్కనే యుండును. నీవు 42వ సెక్షనును పురాణమువలె వినిపించుచున్నావు గాని, 2004లో హర్యానానుండి వచ్చిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము ఏమన్నది? బహిరంగ రహదారిపై పోవుచున్న ట్యాంకరును వెదకుటకు 43వ సెక్షను చాలును, 42 అక్కఱలేదన్నది. 43లో ముందుగ వ్రాయవలెనను నిర్బంధము లేదు. రహదారి బహిరంగ స్థలము; దానిపై పోవుచున్న బండి బహిరంగ స్థలమున నున్నది. ఇంతకంటె తేటతెల్లమైన తర్కము కలదా?

వకీలు: కలదు. 2021 ఏప్రిలులో అదే సర్వోన్నత న్యాయస్థానము, అదే హర్యానానుండి వచ్చిన మఱియొక వ్యాజ్యమున, బహిరంగ రహదారిపై నిలిచియున్న జీపు ప్రైవేటు వాహనమైనచో అది 43వ సెక్షను చెప్పిన "బహిరంగ స్థలము" కాజాలదని నిర్ణయించినది. ఆర్టీసీ బస్సు, హోటలు, దుకాణము బహిరంగ స్థలములు. నీ కారు, నా కారు కావు. 42వ సెక్షనును పూర్తిగ విస్మరించిరి కనుక గసగసాల పొట్టు బస్తాలతో పట్టుబడినవారు విడుదలైరి.

అధికారి: చూచితివా? ఒకే రోడ్డు, ఒకే చట్టము, ఒకే న్యాయస్థానము. ఒకనాడు 43 అందురు, మఱియొకనాడు 42 అందురు. ఆ రెండు తీర్పుల నడుమ సందు ఎంతయో కొలుచుటకు మీరు నల్లకోట్లు తొడిగికొని సంవత్సరములు గడపుదురు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని నిలిచిన ఎస్సైని, క్షణములో ఆ భేదమును కనిపెట్టుమందురు. తప్పినచో క్వింటాళ్ల గంజాయి దొరకిన వాడు నవ్వుచు ఇంటికి పోవును. ఇది న్యాయమా?

ఈ విషయమున అధికారి పక్షమునందే సత్యము కలదని ఒప్పుకొనక తప్పదు. రహదారిపై వాహనమును ఏ నియమము ననుసరించి వెదకవలెనో స్పష్టముగ చెప్పుట పార్లమెంటు పని. ఆ పనిని నలుబది సంవత్సరములుగ న్యాయస్థానములకు వదలివేసి, ఆ భారమును కడపట పోలీసు ఠాణాలోని జూనియరు అధికారి నెత్తిన మోపుట పాలనాదక్షత యనిపించుకొనదు. వకీలు కూడ దీనికి నేరుగ బదులు చెప్పలేకపోయెను.

వకీలు: భేదము కనిపెట్టలేనపుడు కఠినమైనదానిని పాటించిన సరిపోవును గదా. రెండింటిలో ఏది వర్తించునో తెలియనివాడు వ్రాసి పెట్టినచో ఎవ్వరును తప్పు పట్టరు.

అధికారి: 2009లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ కఠినత్వమును సడలించినది కూడ చెప్పుము. అధికారి ఠాణాలో గాక గస్తీలో ఉండగా సెల్‌ఫోనుకో, వైర్‌లెస్‌కో సమాచారము వచ్చినచో, సరకు తప్పించుకొనునను భయమున్నచో, ముందు పట్టి పిదప వ్రాయవచ్చునని ఆ ధర్మాసనము అంగీకరించినది. దొంగలు తప్పించుకొనుటకు ఈ నియమమును సాకుగ వాడుకొనరాదని కూడ హెచ్చరించినది.

వకీలు: ఆ తీర్పునందే, బొత్తిగ వ్రాయకుండుట మాత్రము క్షంతవ్యము కాదని కూడ కలదు. ఆలస్యమునకు సంజాయిషీ చెప్పవలెనని కలదు. మీరు సగము వినిపించితిరి, నేను మిగిలిన సగము వినిపించితిని. ఇక కోర్టులో మేము చదువు కాగితముల మాట వినుడు. ఎఫ్‌ఐఆర్లలో రెండే రెండు వాక్యములుండును. "నమ్మదగిన సమాచారము అందగా" అని యొకటి, "వాహనముల తనిఖీ చేయుచుండగా అనుమానాస్పదముగ కనబడగా" అని రెండవది. మొదటిది 42వ సెక్షనును తృప్తిపఱచుటకు, రెండవది దానిని తప్పించుకొనుటకు. బండి ఎందుకు ఆగెనో ఆ రెండింటిలో దేనియందును లేదు. కమాను పట్టీలు అణగియుండెనని మీరిప్పుడు ఎంత చక్కగ చెప్పితిరి! ఆ మాట ఒక్క పంచనామాలోనైనను నేను చదివియుండలేదు.

అధికారి: చదివియుండవు. ఏలయన మా రైటరుకు పాత కేసు నకలు దొరకినచో కొత్త వాక్యము పుట్టదు. ఆ తప్పు మాది. ఐనను వాక్యము పాతదైనంత మాత్రమున గంజాయి అబద్ధము కాదు గదా! 1973లోనే సర్వోన్నత న్యాయస్థానము, సోదా అక్రమమైనను దొరకిన వస్తువు సాక్ష్యముగ పనికివచ్చునని చెప్పలేదా?

వకీలు: ఆదాయపు పన్ను సోదాలను గూర్చి చెప్పినది. ఇచ్చటి శిక్షల బరువు వేఱు. కావుననే 1999లో రాజ్యాంగ ధర్మాసనము, ఒంటిని వెదకుటకు మునుపు, గెజిటెడ్ అధికారి యెదుటనో మేజిస్ట్రేటు యెదుటనో వెదకించుకొను హక్కు నీకు కలదని ఆ వ్యక్తికి తప్పక చెప్పవలెనన్నది. 2010లో మఱియొక రాజ్యాంగ ధర్మాసనము దానిని ఇంకను బిగించినది.

అధికారి: ఒంటికి మాత్రమే. సంచికి, బండికి ఆ 50వ సెక్షను వర్తింపదని 2005లో తేలిపోయినది.

వకీలు: తేలినది, తేలిన విధము చూడుడు. చొక్కా జేబులోని చిటికెడు పొడికి మేజిస్ట్రేటును పిలువవలెను. డిక్కీలోని రెండు క్వింటాళ్లకు దారిన పోవు ఇద్దరు పంచులు చాలుదురు. శిక్ష బరువు పెరిగినకొలది రక్షణ తఱుగుట ఏ ధర్మసూత్రమో!

అధికారి: ధర్మసూత్రము కలదు. ఒడలు మనిషిది, దానికి మానము కలదు. డిక్కీకి మానమేమి?

(ఈ ప్రశ్నకు వకీలు నవ్వెను గాని, ఉత్తరము చెప్పలేదు. నిజమునకు ఉత్తరము లేకపోలేదు: కారు అనునది నేటి గృహస్థునకు సగము ఇల్లు; దానిలో మందుల చీటీలును, బ్యాంకు కాగితములును, పిల్లల పుస్తకములును, ఒక్కొకప్పుడు ఇతరులకు చెప్పరాని రహస్యములును ఉండును.)

వకీలు: అమెరికావారి మాట చెప్పెదను. అచ్చట మద్యనిషేధము నడచిన దినములలో, 1925లో, వారి సుప్రీంకోర్టు, వాహనము ఇల్లువలె స్థిరముగ నుండదు, వారంటు తెచ్చునంతలో పొలిమేర దాటును గనుక, వారంటు లేకయే వెదకవచ్చునన్నది. మీ నిమిషమునకు రెండు కిలోమీటర్ల వాదము వారికి నూఱేండ్ల క్రిందటనే తోచినది. ఐతే అధికారి చేత బలమైన కారణముండవలెనని కూడ ఆ తీర్పే చెప్పినది. 1990లో త్రాగి నడపువారిని పట్టు నాకాలను ఒప్పుకొన్న అదే న్యాయస్థానము, 2000వ సంవత్సరమున ఇండియానాపొలిస్ నగరపు పోలీసులు మాదకద్రవ్యముల కొఱకు రోడ్లపై పెట్టిన నాకాలను మాత్రము కొట్టివేసినది. త్రాగినవాడు ఆ క్షణమున ఎదుటివాని ప్రాణమునకు అపాయము. అతనిని ఆపుట రోడ్డు భద్రతకు సంబంధించినది. గంజాయి వెదకుట సామాన్య నేరపరిశోధన. దానికొఱకు ఏ అనుమానమును లేని ప్రజలనందఱిని వరుసగ నిలువబెట్టరాదు అని వారి హేతువు.

అధికారి: బాగున్నది. కొందఱిని ఆపిన ఏరుచున్నారందువు. అందఱిని ఆపిన అనుమానము లేనివారిని బాధించుచున్నారందువు. ఇక మేము రోడ్డు ప్రక్కన కూర్చుండి బండ్లను లెక్కింపవలెనా?

వకీలు: అనుమానము కలిగిన బండిని ఆపుడు, ఆ అనుమానమేమో చెప్పుడు. ఇంతే గదా నేనడుగునది. చెప్పనక్కఱలేదను అలవాటు ఎంతదూరము పోవునో 2021 అక్టోబరులో హైదరాబాదు వీథులలో చూచితిమి. స్కూటర్లు ఆపి, యువకుల జేబులలోని ఫోన్లు తీసికొని, వాట్సాప్ సంభాషణలలో "గంజాయి" అను మాట వెదకిరి. ఆ దృశ్యము వీడియోలుగ లోకమంతయు చూచినది. ప్రజలు ఇష్టపూర్వకముగ సహకరించిరని పై అధికారులు సెలవిచ్చిరి. నడివీథిలో ఖాకీ దుస్తుల నడుమ నిలిచిన పదునెనిమిదేండ్లవాని ఇష్టపూర్వకత ఎంతటిదో మీకు తెలియనిదా? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017లో పుట్టస్వామి వ్యాజ్యమున చెప్పి అప్పటికి నాలుగేండ్లు గడచినవి.

అధికారి: దానిని నేను సమర్థింపను. ఫోను వాహనము కాదు, 49వ సెక్షనులో దానికి చోటు లేదు. పాతకాలపు మనిషిని గనుక చెప్పుచున్నాను, జాబులు చదువుట మా పని కాదు. అయినను ఒకరిద్దఱి అతిని చూపి పద్ధతినంతటిని ఖండింపకుము. ఈ తొండుపల్లి మాటయే తీసికొనుము. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి ఈ టోల్‌గేటు చెంత ఒక లారీ నిలిచియుండెను. ఎవ్వరైన పోలీసు దాని దగ్గఱకు పోయి, ఎందుకు నిలిచితిరి, ఏమి వేసికొంటిరి, దిగుడు అని అడిగియుండిన, ఒక ఆడుబిడ్డ ఆ రాత్రి ఇంటికి చేరియుండునేమో. ఆపుటకు సంకోచించు పోలీసు ఎంతటి అనర్థమునకు కారకుడగునో ఈ ఊరికి తెలిసినంతగ మఱియే ఊరికిని తెలియదు.

వకీలు: నిలిచియున్న లారీని ప్రశ్నించుటకు 49వ సెక్షను అక్కఱలేదు, గస్తీ తిరిగిన చాలును. ఆ మాట మీరెత్తితిరి కనుక దాని ఉత్తరభాగమును కూడ ఎత్తవలసి వచ్చినది. డిసెంబరు 6వ తేదీ తెల్లవాఱుజామున, షాద్‌నగరు చెంత చటాన్‌పల్లిలో, ఆ బిడ్డ హత్యకేసున పట్టుబడిన నలుగురును పోలీసుల కాల్పులలో చచ్చిరి. ఆ పోలీసులపై పూలు చల్లినవారిలో నా క్లయింట్లును ఉండిరి. సర్వోన్నత న్యాయస్థానము నియమించిన జస్టిస్ సిర్పుర్‌కర్ కమిషను విచారించి, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనియు, చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరనియు, పదిమంది పోలీసులపై విచారణ జరుపవలెననియు నివేదించినది. అది 2022 మే నెలలో బయటికి వచ్చినది.

అధికారి: దానిని సర్వోన్నత న్యాయస్థానము హైకోర్టునకు పంపినది. నేను దానిపై మాటాడను.

వకీలు: మాటాడవలదు. కోర్టులో ఎస్సై బోనెక్కి "అనుమానము కలిగినది" అన్నపుడు, ఆ నోటిమాటను నమ్మి ఇరువది సంవత్సరములు శిక్ష వేయుమని మీరడుగుచున్నారు. ఆ నోటిమాటకు విలువ ఎందుకు తఱిగినదో చెప్పుచున్నాను, అంతే.

ఇరువురును కొంత తడవు వేఱు విషయములలోనికి పోయిరి. మరల ఈ మాటకు వచ్చినది అధికారియే.

అధికారి: 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గఱ కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని ఆంధ్ర పోలీసులు కుప్పవోసి తగులబెట్టిరి. తెలంగాణలో 2025 జూన్ 26న ఈగల్ అను పేర ప్రత్యేక దళమే ఏర్పడినది. విమానాశ్రయమున బ్యాంకాకునుండి వచ్చు హైడ్రోపోనిక్ గంజాయిని పట్టుచున్నారు. ఇంత ప్రవాహమునకు అడ్డము వేయుచున్నవారికి నీ కాగితపు పని ఎంతమాత్రము సహాయకారి?

వకీలు: ఆ కుప్పకు యజమాని యెవ్వడు? నాయొద్దకు వచ్చు ముద్దాయి డ్రైవరు. కిరాయి కొన్ని వేలు. బండి వేఱొకనిది, సరకు ఇంకొకనిది. ఇరువది కిలోలు దాటినచో వాణిజ్య పరిమాణము. పది నుండి ఇరువది ఏండ్ల శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. 37వ సెక్షను వలన బెయిలు దుర్లభము. ముద్దాయి నిర్దోషియని నమ్ముటకు తగిన ఆధారము కలదని న్యాయమూర్తికి తోచవలెను. 54వ సెక్షను వలన, చేత దొరకినదానికి సంజాయిషీ అతడే చెప్పుకొనవలెను. మూడు నాలుగేండ్లు జైలున మగ్గిన పిదప, 42వ సెక్షను పాటింపలేదని విడుదలయగును. అప్పటికి అతని కాపురము చెదరిపోయియుండును. మీరు దోషిని పోగొట్టుకొందురు. అతడు నిర్దోషియైనచో వయస్సును పోగొట్టుకొనును. సరకు పంపినవాడు మాత్రము మఱునాడే వేఱొక డీసీఎం మాటాడుకొనును. ఒక్క వాక్యము సకాలమున వ్రాసియుండిన, ఈ మువ్వురిలో ఇద్దఱి గతి వేఱుగ నుండెడిది.

అధికారి: దురుద్దేశముతో వెదకిన అధికారికి 58వ సెక్షనున శిక్ష కలదు గదా.

వకీలు: ఆఱు నెలలు, లేదా వేయి రూపాయల జరిమానా, లేదా రెండును. 1985లో వేయి రూపాయలు కొంత మొత్తము. ఆ సెక్షను క్రింద శిక్షపడిన అధికారిని నా వృత్తిజీవితమున నేను చూచియుండలేదు, మీ వృత్తిజీవితమున మీరును చూచియుండరు.

అధికారి: లేదు. కాని ఇప్పుడు కాలము మాఱినది. 2024 జూలై 1 నుండి కొత్త నాగరిక సురక్షా సంహిత వచ్చినది. దాని 105వ సెక్షను ప్రకారము సోదాను, స్వాధీనమును, జాబితా వ్రాయుటను, సాక్షుల సంతకములను సర్వము వీడియో తీసి ఆలస్యము లేక మేజిస్ట్రేటునకు పంపవలెను. ఇక పంచులు మాట తప్పిరను మీ వాదమునకు, పొట్లము మేమే పెట్టితిమను మీ వాదమునకు చెల్లుచీటి. నీవడుగు కాగితముకంటె అది బలమైన సాక్షి.

వకీలు: బలమైనదే, వచ్చినందుకు సంతోషము. ఐతే ఆ కెమెరా ఎప్పుడు మొదలగును? డిక్కీ తెఱచునపుడు. పొట్లము తీసిన చేతిని అది చూపును. రోడ్డుమీద ఎత్తిన చేతిని ఎందుకెత్తిరో అది చూపగలదా? నూఱు బండ్లలో ఈ బండినే ఆపుటకు కారణము డిక్కీ తెఱచుటకు మునుపు మీ మనసున ఉండెనా, తెఱచిన తరువాత పుట్టెనా యను ప్రశ్నకు కెమెరాయొద్ద బదులు లేదు. దొరకినపుడెల్ల మీ అనుమానము నిజమైనట్లే కనబడును. దొరకని తొంబదితొమ్మిది బండ్ల అనుమానములను ఎవ్వరును చూడరు, ఏలయన అవి ఎచ్చటను వ్రాయబడలేదు. వ్రాసినచో ఏ ఎస్సై అనుమానము తఱచుగ ఫలించునో, ఎవ్వని అనుమానము తలపాగాలపైననే వ్రాలునో మీ శాఖకే తెలియును.

అధికారి: (కొంత యోచించి) అనగా, చేయి ఎత్తుటకు మునుపే బండి నంబరు, కారణము, వేళ మూడు మాటలలో కంట్రోలు రూముకు సందేశముగ పంపవలెనందువా?

వకీలు: మూడు మాటలు చాలును. "కమాను పట్టీలు అణగియున్నవి" అన్నను చాలును.

అధికారి: అది టైపు చేయునంతలో బండి ఔటరుపై తరువాతి కూడలియగు పెద్దగోల్కొండ చేరును.

వకీలు: పెద్దగోల్కొండలో మీవారెవ్వరును లేరా బావగారూ?